పదోవంతు గాలి

2020 జనవరి మొదటి వారం. మా వినుకొండ చుట్టుపక్కల పత్తి ఆఖరి తీతల్లో ఉంది. మిరప కోతలు మొదలయ్యాయి. కూలీల కోసం రైతులు తెల్లారకముందే ఆటోలు మాట్లాడుకుని పక్క ఊళ్లకు పరిగెత్తే రోజులవి. అదే వారంలో కర్ణాటకలో, మంగళూరుకు దగ్గర్లోని మూడబిద్రిలో, స్వరాజ్ మైదానంలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ పోటీలు జరుగుతున్నాయి. మహిళల వంద మీటర్ల హర్డిల్స్‌కి పిలుపొచ్చింది. అమ్మాయిలు బ్లాకుల్లో కాళ్లు సర్దుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయి పొడగరి. పేరు యర్రాజి జ్యోతి, ఊరు విశాఖపట్నం. పట్టికలో ఆమె పేరు పక్కన ఉన్న పేరు మాత్రం మనది: ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం, గుంటూరు.

తుపాకీ పేలింది.

వంద మీటర్ల హర్డిల్స్ చూడ్డానికి పరుగు పందెంలాగే ఉంటుంది గానీ లోపలంతా లెక్కే. గీత నుంచి మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు. చాలామంది ఎనిమిది అడుగుల్లో అక్కడికి చేరతారు. ఆ తర్వాత హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య 8.5 మీటర్లు, మూడేసి అడుగులు. నాలుగో అడుగు పడిందా, లయ పోయినట్టే. పదో హర్డిల్ దాటాక మిగిలేది 10.5 మీటర్లు. హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు. ఎగిరి దూకితే కుదరదు. గాల్లో ఉన్నంతసేపూ వేగం చస్తుంది. ముందు కాలు చాచి, వెనక కాలు పక్కకు మడిచి తెచ్చుకుని, తల ఎత్తు పెద్దగా మారకుండా దాటిపోవాలి. కాలు తగిలితే మనిషి పడకుండా హర్డిలే పడాలి కాబట్టి దాదాపు 3.6 కిలోల బలానికే ఒరిగేలా దాన్ని తయారుచేస్తారు. పడగొట్టడం తప్పు కాదు. కాకపోతే తగిలిన ప్రతిసారీ సెకనులో కొన్ని వందోవంతులు పోతాయి. ఈ ఆటలో ఉన్న ఆస్తంతా ఆ వందోవంతులే.

జ్యోతి గీత దాటింది. గడియారం 13.03 దగ్గర ఆగింది.

అప్పటికి జాతీయ రికార్డు 13.38. ఒడిశాకు చెందిన అనురాధా బిస్వాల్ 2002 ఆగస్టు 26న ఢిల్లీలో నెలకొల్పింది. అప్పటికి జ్యోతికి ఇంకా మూడేళ్లు నిండలేదు. రెండు రోజులు తక్కువ. పదిహేడేళ్లకు పైగా దేశంలో ఎవరికీ అందని ఆ అంకెను ఈ అమ్మాయి ఏకంగా 0.35 సెకన్లు వెనక్కి నెట్టింది. హర్డిల్స్ తెలిసినవాళ్లకు ఇది మాటలు కాదు. వందోవంతుల్లో జరిగే పోరులో మూడోవంతు సెకను అంటే రెండు మీటర్లకు పైగా దూరం.

ఆ రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. ఈ రోజుకీ లేదు.

* * *

నాగార్జున విశ్వవిద్యాలయాన్ని 'మనది' అనడానికి కారణం ఉంది. వినుకొండలో డిగ్రీ చదివినవాళ్లలో ఎక్కువమంది మార్కుల జాబితా మీద ఉండే పేరు అదే. మా ప్రాంతానికి ఆ విశ్వవిద్యాలయం కాస్త ఆలస్యంగానే వచ్చింది. 1967లో గుంటూరు పక్కన నల్లపాడులో ఆంధ్ర విశ్వవిద్యాలయపు పీజీ కేంద్రంగా మొదలైంది. 1976 సెప్టెంబరు 11న విశ్వవిద్యాలయంగా అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించారు. 2004లో పేరు ముందు 'ఆచార్య' చేరింది. వినుకొండలో రైలెక్కితే నరసరావుపేట, ఫిరంగిపురం, ఆ పాత నల్లపాడు మీదుగా గుంటూరు. అక్కణ్ణుంచి విజయవాడ వైపు హైవే మీద వెళ్తే నాగార్జున నగర్. క్యాంపస్‌లోనే అథ్లెటిక్స్ గ్రౌండు. 2019 నవంబరులో 35వ జాతీయ జూనియర్ అథ్లెటిక్స్ పోటీలు జరిగింది అక్కడే. దేశం నలుమూలల నుంచీ పిల్లలొచ్చి మన గాలి పీల్చుకుని పరిగెత్తి వెళ్లారు.

మా వైపు నుంచి ఆ ట్రాక్ మీదికి వెళ్లే పిల్లల దారి ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. కాలేజీ గ్రౌండు చాలాచోట్ల నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వాన పడ్డ మర్నాడు బూటుకి బంకమట్టి చుట్టుకుని కాలు లేవదు. మీట్ ముందురోజు పీడీ సారు పిల్లల చేత రాళ్లు ఏరించి, పురికొస పట్టించి, సున్నంతో లేన్లు గీయిస్తారు. మధ్యాహ్నానికి సగం గీతలు గాలికిపోతాయి. హర్డిల్స్ ఉంటే అవి వెల్డింగ్ షాపులో చేయించిన ఇనప చట్రాలు. వాటికి 3.6 కిలోల లెక్కా పత్రం ఏమీ ఉండదు. మోకాలు తగిలితే చట్రం నిలబడుతుంది, పిల్ల పడుతుంది. అందుకే మా వైపు హర్డిల్స్‌కి పేరిచ్చేవాళ్లు తక్కువ. షాట్‌పుట్‌కి, లాంగ్‌జంప్‌కి, కబడ్డీకి, ఖోఖోకి ఎగబడతారు. చేతిలో స్టాప్‌వాచ్, నోట్లో విజిల్, ఫలితం తెల్లకాగితం మీద. గాలి ఎటు వీస్తోందో, ఎంత వీస్తోందో ఎవరూ చూడరు. చూడాల్సిన అవసరం ఉందన్న సంగతే చాలామందికి తెలియదు.

అక్కడ నెగ్గినవాళ్లు అంతర్ కళాశాల పోటీలకు, అక్కడా నెగ్గితే విశ్వవిద్యాలయ జట్టులోకి. విశ్వవిద్యాలయం పేరున్న జెర్సీ వేసుకోవడం ఒక హోదా. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి, బీపీఈడీ సీటుకి ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది. మొదటిసారి సింథటిక్ ట్రాక్ మీద అడుగుపెట్టిన పిల్లలు చేసే పని ఒకటే: వంగి అరచేత్తో తట్టి చూస్తారు.

జ్యోతి దారి ఇది కాదు, కానీ దీనికి మరీ దూరమూ కాదు. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలో పనిచేస్తూ, ఆసుపత్రిలో శుభ్రం చేసే పనికీ వెళ్లేది. విశాఖ పోర్ట్ హైస్కూల్లో పీఈటీ ఈ అమ్మాయి పొడుగు చూసి హర్డిల్స్‌కి పనికొస్తుందని పట్టారు. 2015లో రాష్ట్ర అంతర్ జిల్లాల పోటీల్లో బంగారు పతకం వచ్చింది. మరుసటి ఏడాది హైదరాబాద్ సాయ్ కేంద్రంలో నాగపురి రమేశ్ దగ్గర చేరింది. ద్రోణాచార్య పురస్కారం పొందిన గురువాయన. తర్వాత కొంతకాలం గుంటూరు సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లో సాధన చేసింది. 2019లో భువనేశ్వర్‌లోని రిలయన్స్ ఫౌండేషన్ - ఒడిశా అథ్లెటిక్స్ కేంద్రానికి వెళ్లింది. అక్కడి కోచ్ జేమ్స్ హిలియర్ బ్రిటన్ మనిషి. అనురాధా బిస్వాల్ రాష్ట్రంలోనే అనురాధా బిస్వాల్ రికార్డు కోసం సాధన అన్నమాట.

* * *

మూడబిద్రిలో పరుగు అయింది. చప్పట్లు అయ్యాయి. పోటీల రికార్డు అయితే వచ్చింది. జాతీయ రికార్డు?

జాతీయ రికార్డుకి కాళ్లు సరిపోవు. భారత అథ్లెటిక్స్ సమాఖ్య పంపిన సాంకేతిక ప్రతినిధి అక్కడ ఉండాలి. రికార్డు కొట్టిన మనిషికి ఆ వేదిక దగ్గరే నాడా వాళ్లు, అంటే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ వాళ్లు, పరీక్ష చెయ్యాలి. పరుగు దిగిన ఆటగత్తె వెంట ఒక మనిషి నీడలా నడవాలి. ఆమె తన చేత్తో కిట్ ఎంచుకోవాలి, సాక్షి ఎదుట నమూనా ఇవ్వాలి, అది ఏ, బీ అని రెండు సీసాల్లోకి పోసి సీలు వెయ్యాలి, ఫారం నింపి సంతకం పెట్టాలి. అంతా కలిపి ఓ గంట పని. మూడబిద్రిలో ఆ రోజు సమాఖ్య ప్రతినిధి లేరు. నాడా పరీక్షా జరగలేదు. 13.03 అనే అంకె పత్రికల్లో మిగిలింది, రికార్డుల పుస్తకంలో 13.38 అలాగే ఉంది.

నియమం తప్పని అనను. డోపింగ్ వ్యవహారంలో మన దేశానికున్న పేరు తెలిసినవాళ్లెవరూ ఆ పరీక్ష వద్దనరు. సీసా లేకుండా రికార్డులు రాస్తూ పోతే ఆ పుస్తకాన్ని ఎవరు నమ్ముతారు? కానీ సీసా తేవాల్సింది పరిగెత్తే పిల్ల కాదు కదా. దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ కలిసే మీట్ అది. పాతికేళ్ల లోపు వయసులో ఉరకలేసే రక్తమంతా అక్కడికే వస్తుంది. అక్కడెవరో ఒకరు రికార్డు కొట్టొచ్చు అనే ఊహే ముందుగా ఎవరికీ రాలేదంటే, విద్యార్థుల ఆటని మనం ఇంకా స్కూలు వార్షికోత్సవం స్థాయిలోనే చూస్తున్నామని నాకనిపిస్తుంది. మిరప పండించిన రైతుకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఎంత మంచి కాయైనా, టిక్కీలు యార్డుకి చేరాక కాటా దగ్గర తేమ పేరుతో తరుగు తీస్తారు. పంట చేలో పండితే చాలదు, కాటా దగ్గర కూడా పండాలి.

తర్వాత కరోనా. గ్రౌండ్లు మూతపడ్డాయి. 2021లో వెన్ను గాయం. రెండేళ్లు అలా పోయాయి.

* * *

2022 ఏప్రిల్ 2 నుంచి 6 దాకా ఫెడరేషన్ కప్. పేరుకి కోజికోడ్ అన్నారు గానీ, జరిగింది మలప్పురం జిల్లా తేంజిపలంలో, కాలికట్ విశ్వవిద్యాలయం క్యాంపస్ లోపలున్న సి.హెచ్. మహమ్మద్ కోయ స్టేడియంలో. ఆ విశ్వవిద్యాలయం 1968లో పుట్టింది. అప్పటి విద్యామంత్రి కోయ. తర్వాత కొద్దికాలం ముఖ్యమంత్రి కూడా అయ్యారు. అదే వారంలో ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో కొత్త జిల్లాలు వచ్చాయి. వినుకొండ రాత్రికి రాత్రి గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లాలోకి మారింది. చిరునామా రాసుకునేటప్పుడు ఏది రాయాలో తెలియక అందరం తికమకపడుతున్న వారం అది.

ఈసారి అన్నీ ఉన్నాయి. ఇది సమాఖ్య సొంత పోటీ. ప్రతినిధులున్నారు, అధికారులున్నారు, ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉంది. మూడబిద్రి తప్పు మళ్లీ జరిగే వీల్లేదు.

ట్రాక్ పక్కన, ఒకటో లేను వైపు, ముగింపు గీతకి 50 మీటర్ల దూరంలో ఒక చిన్న పరికరం స్టాండు మీద నిలబెట్టి ఉంటుంది. ట్రాక్‌కి రెండు మీటర్లకు మించి ఎడం ఉండకూడదు. నేల నుంచి 1.22 మీటర్ల ఎత్తు. గాలిని కొలిచే గేజి. ప్రేక్షకుల్లో ఎవరూ దానివంక చూడరు. కెమెరాలు చూడవు. తుపాకీ పొగ లేచిన క్షణం నుంచి సరిగ్గా 13 సెకన్లపాటు అది గాలిని కొలుస్తుంది. మామూలు వంద మీటర్ల పరుగుకైతే 10 సెకన్లే. హర్డిల్స్‌కి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి 13. వెనక నుంచి వీచే గాలి సగటున సెకనుకి 2 మీటర్లు దాటితే ఆ సమయం రికార్డుకి చెల్లదు. పతకం ఇస్తారు, గెలుపు గెలుపే, పుస్తకంలో మాత్రం రాయరు.

హర్డిల్స్‌లో గాలి సంగతి ఇంకో చిక్కు. వెనక గాలి వేగం పెంచుతుంది, నిజమే. కానీ అడుగు కూడా పొడుగవుతుంది. హర్డిల్ కదలదు. 8.5 మీటర్లలో మూడు అడుగులు సర్దాల్సిందే కాబట్టి, గాలి తోస్తున్న కొద్దీ అడుగు కుదించుకుంటూ కాళ్లు మరింత త్వరగా ఆడించాలి. కుదించుకోలేనివాళ్లు హర్డిల్ మీదికే పోయి పడతారు. గాలి సాయం అనేమాట విన్నప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది.

జ్యోతి పరిగెత్తింది. గీత దాటింది. 13.09. మళ్లీ 13.38 కన్నా చాలా ముందు. బోర్డు మీద సమయం పడ్డాక కాసేపటికి గాలి అంకె పడుతుంది. ఆటగాళ్లకి ఆ కాసేపూ ఓ యుగం.

+2.1.

పదోవంతు ఎక్కువ.

ఇక్కడ నియమంలో ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. గేజి రెండో దశాంశం దాకా చదువుతుంది. ఫలితంలో మాత్రం ఒక్క దశాంశమే రాస్తారు. రాసేటప్పుడు పైకే సర్దుతారు. అంటే గేజి 2.03 చూపించినా కాగితం మీద 2.1. 2.01 చూపించినా 2.1. ఆ రోజు గేజి లోపల రెండో దశాంశం ఎంతో బయటికి రాదు. హద్దు దాటింది పది వందోవంతులైనా కావచ్చు, ఒకటే వందోవంతు అయినా కావచ్చు. ఆ ఒక్క వందోవంతు గాలి అరచేతికి తగిలినా తెలియదు, ఆకు కూడా ఊగదు. 'అంత చిన్నదానికి వదిలెయ్యొచ్చుగా' అని ఊళ్లో ఎవరైనా అంటారు. వదిలేస్తే రేపు 2.2ని ఎందుకు వదలకూడదు అనే ప్రశ్న వస్తుంది. గీత అన్నాక ఎక్కడో ఒకచోట ఉండాలి. ఈ అమ్మాయి అదృష్టం ఏమిటంటే, ఆ గీత ఎక్కడుంటే సరిగ్గా అక్కడికే వచ్చి ఆగుతుంది.

* * *

నెల తిరిగేసరికి కథ మారింది. మారిన తీరు మాత్రం సినిమాలో లాగ లేదు.

2022 మే 10. సైప్రస్ దేశంలో లిమసోల్. 13.23. గాలి మైనస్ 0.1, అంటే ఎదురుగాలి. తేంజిపలంలో వెనక నుంచి వచ్చి చెడగొట్టిన పదోవంతు ఇక్కడ ముందు నుంచి వచ్చింది. రికార్డు నిలిచింది. ఇరవై ఏళ్ల 13.38 పోయింది. పన్నెండు రోజులకి, మే 22న, ఇంగ్లండులో లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో 13.11. అక్కడి క్యాంపస్ స్టేడియానికి పౌలా రాడ్‌క్లిఫ్ పేరు పెట్టారు. ఆ విశ్వవిద్యాలయంలోనే చదివిన మారథాన్ రాణి ఆమె. విశ్వవిద్యాలయ మైదానంలో పరిగెత్తిన పరుగు మొదటిసారి జ్యోతికి జాతీయ రికార్డుగా చెల్లుబాటు అయింది అక్కడే. మరో నాలుగు రోజులకి, మే 26న, నెదర్లాండ్స్‌లోని వుఖ్త్‌లో 13.04. పదిహేడు రోజుల్లో మూడు జాతీయ రికార్డులు. పత్రికలన్నీ 'రికార్డుల రాణి' అని రాశాయి.

నాకెందుకో అప్పుడు కాగితం మీద ఒక చిన్న లెక్క వేసుకోవాలనిపించింది. మూడబిద్రిది 13.03. వుఖ్త్‌లోది 13.04. అంటే మూడబిద్రిలో ఆ సీసా ఉండి ఉంటే, 2022 మేలో కొట్టిన ఈ మూడు రికార్డుల్లో ఒక్కటీ రికార్డు కాదు. మొదటి రికార్డు 2020 జనవరిలోనే పడేది, నాగార్జున విశ్వవిద్యాలయం విద్యార్థిని పేరు మీద. ఆ తర్వాత రెండేళ్ల తొమ్మిది నెలలు దాన్ని ఎవరూ, ఆమె కూడా, దాటి ఉండేది కాదు.

ఆ దాటడం కూడా తిన్నగా జరగలేదు. 2022 అక్టోబరులో గుజరాత్ జాతీయ క్రీడలు. అథ్లెటిక్స్ గాంధీనగర్ ఐఐటీ క్యాంపస్‌లో పెట్టారు. మళ్లీ విద్యాసంస్థ గ్రౌండే. జ్యోతి 12.79లో పరిగెత్తింది. పదమూడు సెకన్ల లోపు! గాలి 2.5. చెల్లదన్నారు. ఈసారి పదోవంతు కాదు, అరమీటరు ఎక్కువ, పేచీ పెట్టడానికీ లేదు. ఆ నెలలోనే, 17వ తేదీన, బెంగళూరు కంఠీరవ స్టేడియంలో జాతీయ ఓపెన్ పోటీల్లో 12.82. గాలి హద్దులోనే ఉంది. వంద మీటర్ల హర్డిల్స్‌ని పదమూడు సెకన్ల లోపు చెల్లుబాటయ్యేలా దాటిన తొలి భారతీయ మహిళ అయింది. మూడబిద్రి అంకెని చివరికి కాగితం మీద వెనక్కి నెట్టింది ఆ రోజే.

* * *

2023 జులైలో బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్‌షిప్ బంగారు పతకం, 13.09. ఈ ఆటలో భారత్‌కి అదే మొదటి ఆసియా చాంపియన్‌షిప్ స్వర్ణం. పదోవంతు గాలి మింగేసిన తేంజిపలం అంకె కూడా 13.09 అని నాకు గుర్తుంది.

మూడు వారాలకి చైనాలో చెంగ్డూ. ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడలు. మూడబిద్రి మీట్‌కి ప్రపంచ రూపం అనుకోండి. అక్కడ ఆగస్టు 4న ఫైనల్. స్లొవాకియా అమ్మాయి విక్టోరియా ఫోర్స్టర్ 12.72తో మొదటిది. చైనా వు యాన్నీ 12.76. జ్యోతి 12.78, కాంస్యం, కొత్త జాతీయ రికార్డు. మైదానంలో అందరూ సంతోషపడే ఫలితమే, ఒక్క మెలిక మినహా. పారిస్ ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత ఇచ్చే సమయం 12.77. వు యాన్నీకి దక్కింది. జ్యోతికి సెకనులో వందోవంతు తక్కువైంది.

మరుసటి ఏడాది మేలో ఫిన్లాండ్‌లోని యువాస్కులలో మళ్లీ పరిగెత్తింది. అంకె మళ్లీ 12.78. అదే వందోవంతు. చివరికి ప్రపంచ ర్యాంకుల లెక్కలో పారిస్ వెళ్లింది. ఒలింపిక్స్‌లో వంద మీటర్ల హర్డిల్స్ పరిగెత్తిన తొలి భారతీయ మహిళ. అక్కడ హీట్స్‌లో 13.16, మళ్లీ అవకాశమిచ్చే రెపిచేజ్‌లో 13.17. ముందుకు పోలేదు.

కానీ కథలో పేచీ అంటూ జరిగింది పారిస్‌కి ముందు ఏడాది, చైనాలోని హాంగ్‌జౌలో. పందెం దగ్గర పేచీ వస్తే ఎందాకా పోతుందో పల్నాటివాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. పన్నెండో శతాబ్దంలో ఒక కోడిపందెం ఏడు తరాలకి సరిపడా రక్తం పారించిన నేల మాది. హాంగ్‌జౌలో అంత దూరం పోలేదు గానీ, ఆ పది నిమిషాలు టీవీ ముందు కూర్చున్నవాళ్లెవరికీ కాలు నిలవలేదు.

2023 అక్టోబరు 1, ఆసియా క్రీడల ఫైనల్. స్టేడియం నిండా చైనా జనం. బ్లాకుల్లో వు యాన్నీ, పక్క లేన్‌లో జ్యోతి. 'సెట్'. తుపాకీకి ముందే వు కదిలింది. ఆమె కదలిక కంటి చివర పడ్డ జ్యోతి కూడా లేచింది. వెంటనే రెండో తుపాకీ. ఫాల్స్ స్టార్ట్. ఇప్పటి నియమంలో హెచ్చరిక లేదు, మొదటి తప్పుకే బయటికి. అధికారులొచ్చి తేల్చింది ఏమిటంటే, వు మాత్రమే కాదు, జ్యోతి కూడా బయటికి వెళ్లాలి.

జ్యోతి కదల్లేదు. ట్రాక్ మీదే నిలబడి వాదించింది. ముందు కదిలింది తను కాదని చేతులు ఊపి చూపించింది. గురువు పక్కన లేడు, మేనేజరు పక్కన లేడు, భాష వేరు, ఊరు వేరు, జనం వేరు. ఒక పరుగు సీసా లేక పోగొట్టుకుని, ఇంకోటి పదోవంతు గాలికి పోగొట్టుకున్న మనిషి ఇంకో పరుగుని ఊరికే వదులుతుందా అని నాకనిపించింది. ఆమె మనసులో అదే ఉందో లేదో నాకు తెలియదు. అక్కడ నిలబడ్డ తీరు మాత్రం అలాగే ఉంది.

అధికారులు తెర దగ్గరికి వెళ్లారు. రీప్లే నెమ్మదిగా తిప్పారు. చేతులు గీత మీంచి ముందు ఎవరివి లేచాయి, ఎవరి భుజం ముందు కదిలింది. చూశారు, మళ్లీ చూశారు. చివరికి ఇద్దరినీ పరిగెత్తమన్నారు, తీర్పు తర్వాత చెబుతామన్నారు. హర్డిల్స్ మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఉండదు. ఒళ్లు చల్లారిపోతుంది. మనసు ఎనిమిది అడుగుల లెక్క మీద ఉండాల్సిన చోట తీర్పు మీద ఉంటుంది. అయినా మళ్లీ బ్లాకుల్లోకి దిగారు.

చైనాకే చెందిన లిన్ యువెయ్ 12.74తో గెలిచింది. వు 12.77తో రెండో స్థానం. జ్యోతి 12.91తో మూడో స్థానం. మనవాళ్లు ఫిర్యాదు ఇచ్చారు. పరుగు అయిపోయాక మళ్లీ అదే వీడియో, మళ్లీ అదే వాదన. ఈసారి తీర్పు వచ్చింది. ముందు కదిలింది వు. జ్యోతి తప్పు లేదు. ఫలితాల పట్టిక మళ్లీ ముద్రించారు. రెండో వరసలో ఉన్న వు యాన్నీ పేరు కిందికి దిగిపోయింది, సమయం కొట్టేశారు. నాలుగో స్థానంలో వచ్చిన జపాన్ అమ్మాయి తనాకా యుమీ 13.04తో కాంస్యం దాకా ఎక్కింది. రెండో వరసలో యర్రాజి జ్యోతి, భారత్, 12.91, రజతం.